నాలుగు లైన్లూ విప్పేయక్కర్లేదు

"పవర్ కైట్ దింపిన ప్రతిసారీ నాలుగు లైన్లూ విప్పేయండి. ఒక్కోదాన్ని సంక్రాంతి చరఖాకు చుట్టినట్టు విడివిడిగా, గుండ్రంగా చుట్టుకోండి. అప్పుడే చిక్కు పడదు. ఒకవేళ పడితే అక్కడ కోసి ముడేసుకోండి." ఈ సలహా మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో చాలా రోజులుగా తిరుగుతోంది. పవర్ కైట్ అంటే మనిషిని లాగేంత బలమున్న పెద్ద గాలిపటం, లైన్లు దాని దారాలు. నేను జర్మనీలో, సాంక్ట్ పీటర్ ఓర్డింగ్ బీచ్‌లో కైట్ బగ్గీ, అంటే ఆ గాలిపటం లాగే మూడు చక్రాల బండి, నడుపుతాను. కొత్తవాళ్ళు ఈ మాట నమ్మి, గాలి బాగున్న పూట ఇసుకలో కూర్చుని లైన్ల చిక్కులు తీసుకుంటూ ఉంటే బాధగా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మొదట "విప్పేయండి" అన్న మాట చూద్దాం. రెండు చేతులకీ రెండు హ్యాండిల్స్, ఒక్కోదానికి పైన లాగే లైన్, కింద బ్రేక్ లైన్. మొత్తం నాలుగు, ఒక్కోటి 20 నుంచి 25 మీటర్లు. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. దారం ముక్క రెండు కొసలూ రెండు కుర్చీలకు కట్టి, మధ్యలో ఎంత కావాలంటే అంత నలిపేయండి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కానీ నిజమైన ముడి ఒక్కటీ పడదు. ముడి పడాలంటే కొస వెళ్ళి ఏదో ఒక లూప్‌లో దూరాలి, ఆ కొసలేమో కట్టేసి ఉన్నాయి. లైన్లు హ్యాండిల్స్‌కీ కైట్‌కీ కట్టే ఉంటే మీదీ దాదాపు ఇదే పరిస్థితి. విప్పారంటే ఎనిమిది కొసలు చేతికొస్తాయి, చిక్కుకు దారి మీరే తెరిచినట్టు.

ఇంకో నష్టం నా అనుభవమే. మొదటి ఏడాది నేనూ అన్నీ విప్పి చుట్టాను. మర్నాడు కట్టేటప్పుడు ఎడమవైపు బ్రేక్ లైన్, లాగే లైన్ తారుమారయ్యాయి. కైట్ లేచీ లేవగానే గిర్రున తిరిగి నేలకు కొట్టుకుంది. దగ్గర్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

అలాగని ఎప్పుడూ విప్పకూడదని కాదు. అదే లైన్ల సెట్ వేరే కైట్‌కి పెట్టాలంటే విప్పాల్సిందే. అప్పుడు విప్పిన కొసల్ని ఒకదాని వెనక ఒకటి, వరస చెడకుండా రబ్బర్ బ్యాండ్‌తో కలిపి కట్టేయండి.

ఇక చరఖా పోలిక. మనకు చిన్నప్పటి నుంచి అలవాటైంది కాబట్టి సరైనదే అనిపిస్తుంది. కానీ చరఖా ఇరుసు మీద తిరుగుతుంది. చుట్టేటప్పుడూ వదిలేటప్పుడూ అదే తిరుగుతుంది కాబట్టి మాంజాకి మెలి పడదు. కైట్ లైన్లు చుట్టడానికి వాడే వైండర్ తిరగదు, అది మీ చేతిలో ఉండే పలక, రెండు చివర్లా చెవుల్లాంటి కొమ్ములుంటాయి. దానికి గుండ్రంగా చుట్టి, తర్వాత పక్కనుంచి చుట్లు జార్చి వదిలితే చుట్టుకో మెలి. 25 మీటర్లలో ఎన్ని చుట్లు ఉంటాయో లెక్కేసుకోండి. దీనికి మందు ఎనిమిది అంకె. లైన్లు నాలుగూ కలిపి ఒక చెవి మీదుగా తెచ్చి, అడ్డంగా దాటించి, రెండో చెవి చుట్టూ తిప్పాలి. ఒక సగం వేసిన మెలిని రెండో సగం తీసేస్తుంది. గట్టిగా బిగించక్కర్లేదు, నాలుగింటికీ ఒకే బిగువు ఉంటే చాలు.

నేను చేసేది ఇదీ. బ్రేకులు లాగి కైట్‌ని దింపి, హ్యాండిల్స్‌ని నేలలో దిగేసిన మేకుకి తగిలిస్తాను. నడిచి వెళ్ళి కైట్ వెనక అంచు మీద ఇసుక పోస్తాను. ఈ పని మానేసి చుట్టడం మొదలెడితే ఒక్క గాలి విసురు చాలు, కైట్ లేస్తుంది. అందుకే లైన్‌ని వేలికి, అరచేతికి ఎప్పుడూ చుట్టకండి, ఎంత చిన్న కైటైనా సరే. తర్వాత వెనక్కొచ్చి హ్యాండిల్స్‌ని వైండర్‌కి ఆనించి, కైట్ వైపు నడుస్తూ చుట్టుకుంటూ పోతాను. బ్రైడిల్, అంటే మన గాలిపటానికి కట్టే సూత్రం లాంటిదే, దానికి ఒక మీటరు ముందు ఆపి ఎలాస్టిక్ వేస్తాను. వైండర్‌ని కైట్ నడిమధ్య పెట్టి, రెండు రెక్కలూ దాని మీదికి మడిచి, వెనక అంచు నుంచి ముందుకి చుడతాను. లోపలి గాలి కైట్ ముందు అంచులో తెరిచి ఉండే నోళ్ళలోంచి బయటికి పోతుంది.

"కోసి ముడేయండి" అన్నదే అన్నిటికంటే ప్రమాదం. ఈ లైన్లు డైనీమా అనే చాలా బలమైన సింథటిక్ దారంతో చేసినవి. నున్నగా జారుతుంది, మామూలు ముడి నిలవదు. నిలిచినా ముడి దగ్గర బలం బాగా పడిపోతుంది. పైగా ఆ లైన్ పొట్టిదై కైట్ ఒక పక్కకి లాగుతుంది. దాని మీద మనిషి బరువు, బగ్గీ బరువు పడతాయని మరిచిపోవద్దు. ఆ నునుపు వల్లే మంచి కూడా ఉంది. రెండు మూడు మెలికలున్నా లైన్లు ఒకదాని మీద ఒకటి జారుతూ కైట్ మాట వింటుంది. పైకి లేచాక కైట్‌ని మెలికకు ఎదురు వైపు గుండ్రంగా తిప్పితే మెలికలు పోతాయి.

అప్పటికీ విడకపోతే ఏదో హ్యాండిల్ ఒక లూప్‌లోంచి దూరి ఉంటుంది. లాగకండి, బిగుస్తుంది. అన్నిటినీ వదులు చేసి, దులిపి, ఆ లూప్‌ని వెతికి పట్టుకుని, హ్యాండిల్‌ని వచ్చిన దారినే వెనక్కి పంపండి.