మారని దేవుడూ, వాగ్దాన కార్డూ: ఒక వాదన

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మన తెలుగు సంఘాలు చాలావాటిలో వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వచనం రాసిన కార్డులు, ఇస్తారు. తమ్ముడి కార్డు మీద యిర్మీయా 29:11 ఉంది. అక్క సండే స్కూల్లో పాఠం చెబుతుంది.

తమ్ముడు: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని ఉంది అక్కా. దేవుడు మారడంటావు. మరి ఈ ఏడాది ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఆ మాట ఏమైనట్టు?

అక్క: అది ఎవరికి రాసిన మాటో ముందు చూడరా. యూదా రాజు యెకొన్యాతో పాటు బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం అది. దానికి పైనున్న 10వ వచనం కార్డు మీద వేయరు. 70 ఏళ్లు గడిచాక రప్పిస్తానని అందులో ఉంది. ఆ లెక్కన, ఉత్తరం అందేనాటికి నలభై దాటినవాళ్లు సొంత ఊరు మళ్లీ చూడలేరు. అందుకే 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కూడా యెహోవా పేరు చెప్పే, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందన్నాడు. వినడానికి హాయిగా ఉన్న ఆ మాటే అబద్ధమైంది.

తమ్ముడు: అయితే వాగ్దానాలు వాళ్లవి, మనకేమీ లేదన్నమాట.

అక్క: ఆ మాట నేననను. వాగ్దానాలన్నీ క్రీస్తులో అవునన్నట్టే ఉన్నాయని 2 కొరింథీ 1:20. వచనం పట్టుకునే ముందు ఎవరితో అన్నాడు, షరతేమైనా ఉందా, క్రీస్తులో అది ఎలా నెరవేరింది అని అడగాలి. చివరిది అడగకపోతే దేవుడు ఇశ్రాయేలీయులకు ఇస్తానన్న కనాను దేశం గురించిన మాటను మన ఇంటి ప్లాటుకు అంటగడతాం. అది రిజిస్ట్రేషన్ కాకపోతే దేవుడి మీద నమ్మకం పోతుంది.

తమ్ముడు: సరే, స్వభావం సంగతే మాట్లాడుకుందాం. 1 సమూయేలు 15 తియ్యి. సౌలును ఇశ్రాయేలుకు రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని 11లో దేవుడే అంటాడు. ఆయన పశ్చాత్తాపపడడని 29లో ఉంది. 35లో మళ్లీ పడ్డాడని ఉంది. హెబ్రీలో మూడుచోట్లా క్రియ ఒకటే, నాహం. ఇందులో ఏది నమ్మాలి?

అక్క: రాసినవాడు మరిచిపోయి రాశాడా? ఒకే అధ్యాయంలో పెట్టాడంటే మూడూ కలిపి చదవమనే. 29లో కారణం కూడా ఉంది, "నరుడు కాడు" అని. మనిషిలా మాట మార్చేవాడు కాదు. సౌలు తప్పిపోయినందుకు బాధపడకుండా ఉండే రాయీ కాదు. యోనా గ్రంథంలోనూ ఇదే కనిపిస్తుంది.

తమ్ముడు: యోనా నా పక్షమే అక్కా. ఆ ప్రవక్త 40 దినాల్లో నీనెవె పట్టణం నాశనమన్నాడు, షరతు చెప్పలేదు. నాశనం జరగలేదు.

అక్క: దేవుడు నీనెవెకు వెళ్లమంటే తర్షీషుకు ఎందుకు పారిపోయాడో 4:2లో యోనాయే చెప్పాడు కదా. నువ్వు కటాక్షమూ జాలీ గల దేవుడివని నాకు ముందే తెలుసు అన్నాడు. అవి నిర్గమకాండం 34:6లో దేవుడు మోషే ముందు తన గురించి చెప్పుకున్న మాటలు. ఆయన అలాగే ఉన్నాడు గనుకే, నీనెవె మనసు మార్చుకున్నాక శిక్ష ఆగింది. ఈ సూత్రాన్ని యిర్మీయా 18లో, కుమ్మరి ఇంటి దగ్గర, 7 నుంచి 10 వరకు తేటగా చెప్పాడు.

తమ్ముడు: నీనెవె బతికింది కాబట్టి సులువుగా చెప్పేశావు. హెబ్రీ 11లో 34వ వచనంలో కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారు. 37లో కొందరు ఖడ్గంతో చంపబడ్డారు. వాళ్ల దేవుడూ ఒక్కడే, విశ్వాసమూ ఒకటే. ఆయన మారడని తెలిసి ఏం లాభం?

అక్క: దీనికి తేలికైన జవాబు నా దగ్గర లేదు. "నీ విశ్వాసం చాల్లేదు" అనేవాళ్ల మాట మాత్రం వినకు. 39లో వాళ్లందరికీ విశ్వాసాన్ని బట్టే సాక్ష్యం దొరికింది, చంపబడినవాళ్లకు కూడా. ఆయన మారడు గనుకే మనం ఆయన దగ్గర గట్టిగా ఏడవగలం. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండింట్లో "ఎంతకాలము" అన్న ప్రశ్న హెబ్రీలో నాలుగుసార్లు వస్తుంది. 3, 4లో అడగడం. కృపను నమ్ముకున్నానన్న మాట 5లో గానీ రాదు. మనవాళ్లు నాలుగూ దాటేసి నేరుగా ఐదోదానికి వెళ్తారు, సాక్ష్యం చెప్పేటప్పుడు మరీను. ఏడుపు లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు ప్రార్థనే ఆగిపోతుంది. రోజూ ఆ ఆరూ పైకి చదువు. "ఎంతకాలము" అన్న ప్రతిచోటా ఆగి, నీ బాధ ఏదో దాని పేరు పెట్టి చెప్పు.

తమ్ముడు: 88వ కీర్తనలో ఆ ఐదో వచనం లాంటిది లేనే లేదు. చీకటి దగ్గరే అయిపోతుంది.

అక్క: అవును, లేదు. అయినా "నాకు రక్షణకర్తవగు దేవా" అనే మొదలుపెట్టాడు ఆ కీర్తనకారుడు. 9లో ప్రతిదినం మొరపెడుతున్నానన్నాడు.

తమ్ముడు: జవాబు వచ్చిందా?

అక్క: ఆ కీర్తనలో రాలేదు. అందులోనే 13వ వచనం చదువు, ఉదయాన్నే మళ్లీ ప్రార్థనకు వచ్చాడు.