సవరణ: ఏజెన్సీ గూడేల్లో హెచ్‌ఐవీ నివారణ సూచనలు

గిరిజన గూడేల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఇంతకుముందు పెట్టిన సూచనల్లో ‘వైరస్ సోకే ప్రమాదం ఎదురైన వారంలోపు పెప్ మందు (హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మాత్రలు) మొదలుపెట్టొచ్చు’ అని ఉంది. వారం కాదు, 72 గంటలు. అదీ ఆఖరి గడువే. మొదటి మాత్ర వీలైతే 2 గంటల్లోపే పడాలి. వైరస్ ఒంట్లో పాతుకుపోకముందే ఆపాలి గనక, ఆలస్యమయ్యేకొద్దీ మందు పనితనం తగ్గిపోతుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగొద్దు. మొత్తం కోర్సు 28 రోజులు, మధ్యలో మానకూడదు. వాగు పొంగితే దారి తెగిపోయే గూడెమైతే మాత్రలన్నీ ఒకేసారి ఇమ్మని ఆసుపత్రిలో గట్టిగా అడగండి.

కండోమ్‌కు నూనె రాయొచ్చన్న వాక్యం తీసేశాం. ఇది చాలా ముఖ్యం. ఇప్పనూనె, కొబ్బరినూనె, ఏదైనా సరే లేటెక్స్‌ను (కండోమ్ రబ్బరును) నిమిషాల్లో బలహీనం చేస్తుంది, కండోమ్ వాడుతుండగానే చిరుగుతుంది. నీటితో తయారైన జెల్ వాడాలి. కండోమ్ డబ్బాలను రేకుల కప్పు కింద, ఎండ తగిలేచోట ఉంచొద్దు.

నెగెటివ్ వచ్చినా, ప్రమాదం జరిగి 3 నెలలు నిండకపోతే ర్యాపిడ్ పరీక్ష మళ్లీ చేయించాలి. ఒక్క కిట్‌లో పాజిటివ్ వస్తే అది నిర్ధారణ కాదు, ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) వేర్వేరు కిట్లతో తేల్చాలి. జ్వరాల శిబిరంలో చేసే మలేరియా పరీక్షలో హెచ్‌ఐవీ బయటపడదు. దానికి వేరే పరీక్ష ఉంటుంది, అదీ మనిషి ఒప్పుకుంటేనే చేయాలి.