చార్‌ధామ్ ప్యాకేజీ గారికి ఒక విశాఖవాసి విన్నపం

శ్రీశ్రీశ్రీ చార్‌ధామ్ ప్యాకేజీ గారికి,

విశాఖపట్నం నుంచి మీ పాత ప్యాసింజరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా అమ్మ మోకాళ్ళు తప్ప. మీ క్షేమం అడగక్కర్లేదు. మార్చి నెల దాటిందంటే ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏ గోడ మీద చూసినా, ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన చూసినా మీ ఫొటోయే. వెనక మంచుకొండ, ముందు టెంపో ట్రావెలర్, ఆ రెండిటి మధ్య ఆకాశంలోంచి దిగుతున్న గంగమ్మ, ఆవిడ పాదాల దగ్గర ఎర్ర అక్షరాల్లో "తెలుగు వంటవాడు గలడు".

మన పెద్దవాళ్ళు రెండు మాటలు చెప్పి పోయారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మొదటిది, నదీమూలం ఋషిమూలం అడగకూడదని రెండోది. మీరు మొదటిదానికి ఇన్సూరెన్స్ కట్టించారు, రెండోదానికి పికప్ పాయింట్ పెట్టారు. పాపం భగీరథుడికి మీరు దొరకలేదు. సగరుడి కొడుకులు అరవై వేలమంది బూడిదైపోయి పడి ఉంటే, గంగ కోసం ఒకసారి, ఆ గంగ వేగాన్ని నెత్తిన పట్టే శివుడి కోసం ఇంకోసారి తపస్సు చేసి, తీరా దిగొచ్చిన నదిని దారిలో జహ్ను మహర్షి గుటకేస్తే ఆయన కాళ్ళూ పట్టుకున్నాడు. మీరే ఉంటే ఇదంతా లోకల్ సైట్ సీయింగ్ కింద ఒక్క రోజులో తేల్చేసేవారు, జహ్ను మహర్షి దగ్గర లేటయినందుకు డ్రైవరు బత్తా మాత్రం ఎక్స్‌ట్రా పడేది.

మీ తెలివికి మొదటి దండం ముహూర్తం దగ్గరే పెట్టాలి. అక్షయ తృతీయకి అక్కడ హిమాలయాల్లో, మీ నాలుగు ధామాల్లో రెండైన గంగోత్రి, యమునోత్రి గుళ్ళ తలుపులు తెరుస్తారు. అదే రోజు ఇక్కడ సింహాద్రి అప్పన్నకి చందనోత్సవం, ఏడాదికి ఒక్కసారి నిజరూప దర్శనం. "అప్పన్న ఎక్కడికీ పోడమ్మా, వచ్చే ఏడాది చూసుకోవచ్చు, ఫస్ట్ బ్యాచ్ సీట్లు మాత్రం రేపటికి ఉండవు" అని ఫోన్లో మా పెద్దమ్మకి చెప్పిన ఆ గొంతు ఎవరిదోగానీ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చందనోత్సవం తప్పని మనిషిని రెండు నిమిషాల్లో రైలెక్కించేసింది.

కొండ దారిలో ఊరూరా బోర్డులుంటాయి కదా, సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని, ఆ సముద్రం మా వీధి చివర ఉంటుందండీ. అక్కడి నుంచి తెచ్చిన ఊపిరితిత్తుల్ని హరిద్వార్‌లో దింపి, ఒక రాత్రి పడుకోబెట్టి, మర్నాటి నుంచి పైకి తోలుకుపోయి 3,000 మీటర్లు దాటించేస్తారు. మధ్యలో ఎక్కడైనా ఒక రోజు ఆగితే ఒంటికి అలవాటవుతుందని డాక్టర్లు చెబుతారు, మీ లెక్కలో ఆ ఆగిన రోజు హోటల్ ఖర్చు. అందుకని దానికి బదులు తలకో కర్పూరం బిళ్ళ, బస్సంతటికీ కలిపి ఒక ఆక్సిజన్ డబ్బా ఇచ్చారు. డబ్బాకి సీలు తియ్యొద్దని, తియ్యకపోతే షాపువాడు వాపసు తీసుకుంటాడని మేనేజరు బాబు ముందే చెప్పాడు.

యమునోత్రి దారిలో సిల్క్యారా సొరంగం తగిలింది. 2023 నవంబర్ 12న అది కూలి 41 మంది కూలీలు 17 రోజులు లోపలే ఉండిపోయారు, దేశమంతా టీవీల ముందు కూర్చుంది. బస్సులో ఒకావిడ చెయ్యెత్తి దండం పెట్టింది. మీ మేనేజరు మైకు అందుకుని, "ఇది పూర్తయితే మనకి గంట కలిసొస్తుంది" అన్నాడు. ఆ గంట ఎక్కడ కలుపుతారో చెప్పలేదు, నది దగ్గర మాత్రం కలపరని అప్పటికే మాకు అర్థమైపోయింది.

జానకీచట్టి నుంచి యమునోత్రికి నడక ఐదారు కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా వట్టి కాళ్ళతో తిరిగి, పొద్దున్నే పాలప్యాకెట్ పట్టుకుని ఇంటికొచ్చే జనం మేము. ఎత్తు ఎక్కువ, గాలి తక్కువ, నిజమే, అయినా మెల్లగా కూర్చుంటూ లేస్తూ ఎక్కేవాళ్ళమే. కానీ "రెండింటికల్లా బస్సు దగ్గరుండాలి, లంచ్ ఇక్కడే" అన్నారు మీరు. దాంతో గుర్రాలు, డోలీలు, వీపు మీద బుట్టలు. మన పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేక ఒక గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తే మర్నాడు పేపర్లో పడుతుంది, అధికారుల మీద అందరం మండిపడతాం. ఇక్కడ కాళ్ళూ చేతులూ బాగున్న మనిషిని నలుగురు భుజాల మీద ఎత్తుకుని పరిగెడుతుంటే, ఆ మనిషి ఫోను పైకెత్తి వీడియో తీసుకుంటూ మోసేవాణ్ణి కొంచెం కుదుపు తగ్గించమంటున్నాడు, లంచ్ టైమ్ మాత్రం ఎవరూ మార్చరు. పైన సూర్యకుండంలో వేడి ఊట, గుడ్డలో మూటగట్టిన బియ్యం అందులో ముంచి ఉడికించి ప్రసాదం అంటారు. మా మూట ఇంకా నానుతుండగానే విజిల్ ఊదారు. ఉడకని బియ్యమే తెచ్చుకున్నాం, యమున అసలు పుట్టే మంచు గుడికి ఇంకా పైన బందర్‌పూంఛ్ కొండ మీద ఉందని దిగాక ఎవరో చెప్పారు.

ఇక భోజనం. ఈ విషయంలో మిమ్మల్ని ఎంత పొగిడినా తక్కువే, ఎందుకంటే వెళ్ళొచ్చినవాళ్ళలో సగంమంది గుడి గురించి కాదు, మీ వంట మాస్టారి గురించే చెప్పుకుంటారు. హిమాలయాల్లో గోంగూర పచ్చడి! బస్సు టాపు మీద సిలిండరు, ఇడ్లీ పాత్ర, పది కేజీల కందిపప్పు. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పప్పు మెత్తబడాలంటే కుక్కర్లోనైనా మామూలుకంటే ఎక్కువసేపు ఉంచాలి, మాస్టారేమో మా ఊరి లెక్కన విజిల్స్ లెక్కబెట్టి దించేశాడు. రాత్రంతా మా బస్సులో ఒక్కరి కడుపూ కుదురుగా లేదు. హర్షిల్ దగ్గర ఆపిల్ తోటలు దాటాం, రోడ్డు పక్కన ఒకామె పెనం మీంచి వేడి వేడి రొట్టెలు తీస్తోంది, అమ్మ దిగుతానంటే "బయటి తిండి పడదమ్మా" అన్నాడు మేనేజరు బాబు. ఏది పడలేదో ఆయనకీ తెలుసు.

గంగోత్రి చేరేసరికి మీ దగ్గర ముప్పావుగంట మిగిలింది. గూర్ఖా సేనాని అమర్‌సింగ్ థాపా కట్టించిన తెల్లటి గుడి, పక్కనే భాగీరథి, గొలుసులు పట్టుకుని మునగాల్సిన నీళ్ళు, పెట్టిన పాదం మనది కాకుండా పోయే చలి. వెనకాల ఇంకో ప్యాకేజీ వాళ్ళు, పెళ్ళిలో మన కుర్చీ వెనకే నిలబడి మనం పెరుగు కలిపామా లేదా అని చూసే రెండో బంతి వాళ్ళలా, మేం మూడో మునక వేస్తామా వెయ్యమా అని చూస్తున్నారు. సంకల్పం చెప్పిన పంతులుగారు గోత్రం అడిగారు, మేం చెప్పేలోపే పక్కవాళ్ళ గోత్రం వేసేశారు. అయినా ఆ నీళ్ళు బాగున్నాయండీ. మీరు ఎంత ప్రయత్నించినా అది చెడగొట్టలేకపోయారు.

అప్పుడే మేనేజరు బాబు ఒక బండ ఎక్కి, "ఇదేనండీ గంగమ్మ పుట్టిన చోటు, ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకోండి" అని ప్రకటించాడు. మా గుంపులో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన తువ్వాలు పిండుకుంటూ తాపీగా అడిగాడు.

"మరైతే ఆ పైనించి వస్తన్న నీళ్ళేటి బాబూ?"

మేనేజరు బాబు పైకి చూశాడు. దేవదారు చెట్ల మధ్య లోయ, ఆ లోయ నిండా హోరుమంటూ వస్తున్న నది.

"అది ప్యాకేజీలో లేదు సార్" అన్నాడు.

అయ్యా, ఆ ఒక్క మాటతో మీ విశ్వరూపం కనిపించింది. నది హిమానీనదం మూతిలోంచి బయటికొచ్చే గోముఖం అక్కడికి 18 కిలోమీటర్లు, నడిచే వెళ్ళాలి, దారిలో భోజ్‌బాసలో రాత్రి పడుకోవాలి, పర్మిట్ తీసుకోవాలి, రోజుకి 150 మందికే ఇస్తారు. అందరూ వెళ్ళలేరు, వెళ్ళకూడదు కూడా, ఆ మంచుని అలా వదిలెయ్యడమే మంచిది. నా బాధ అది కాదు. పుట్టిన చోటు ఇంకా పైన ఉందమ్మా, మనం ఇక్కడి నుంచే దండం పెట్టుకుందాం అని చెబితే మీ సొమ్మేం పోయేది? అమ్మలాంటివాళ్ళు ఆ వైపు తిరిగి ఇంకోసారి చేతులు జోడించి ఉండేవారు. మీరేమో నది ఎక్కడ పుట్టాలో కూడా పార్కింగ్ చూసి ఖాయం చేశారు. 1935 నుంచీ శాస్త్రవేత్తలు కొలతలు వేస్తున్నారు, ఆ హిమానీనదం మూతి వెనక్కి జరుగుతూనే ఉంది, ఆవిడ పుట్టిల్లు పైకి పోతుంటే మీ పార్కింగ్ మాత్రం ఏడాదికింత ముందుకొస్తోంది.

గంగోత్రి దారిలోని ధరాలీ ఊరి పేరు మీ కొత్త కరపత్రంలో కనిపించలేదు. 2025 ఆగస్టు 5న ఖీర్ గంగ వాగు ఒక్కసారిగా మీదపడి ఆ ఊరి బజారునీ హోటళ్ళనీ బురదలో కప్పేసింది, మనుషులు పోయారు. పాత కరపత్రంలో "నది ఒడ్డున రాత్రి బస" అని గొప్పగా వేసింది అక్కడే. కొత్తదాంట్లో ఊరి పేరు మార్చి, "నది ఒడ్డున" అన్నది మాత్రం అలాగే ఉంచారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రకృతి వైపరీత్యాలకు బాధ్యులం కాము" అని ఎలాగూ ఉంటుంది. వాగు దారిలో హోటల్ కట్టినవాడు బాధ్యుడు కాడు, అందులో గదులు బుక్ చేసినవాళ్ళు బాధ్యులు కారు, ఇక ప్రకృతి ఒక్కతే మిగిలింది. ఆవిడకి కస్టమర్ కేర్ లేదు.

అన్నట్టు మీ తమ్ముడు, అదే అరకు వన్ డే ప్యాకేజీ, బాగున్నాడా? బొర్రా గుహల్లో శివలింగం ఉంది, దాని పైన ఆవు పొదుగులా వేలాడే రాయి ఉంది, గోస్తనీ నది అక్కడే పుట్టిందని కథ. కొండలో నది పుట్టిన చోట శివుడు, ఇంకేం కావాలండీ? పైగా ఆ నీళ్ళు తాటిపూడి రిజర్వాయర్లో ఆగి మా ఊరి కుళాయిల దాకా వస్తాయి, మిగిలినవి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. పుట్టిన చోటూ కలిసే చోటూ పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి చూసి రావచ్చు. మీ తమ్ముడేమో గుహలకి గంట, బయట బొంగు చికెన్‌కి గంటన్నర ఇస్తాడు. అక్కడ గోత్రం అడిగే నాథుడు లేడు, ఐదు లీటర్ల డబ్బా అమ్మేవాడు అంతకన్నా లేడు.

డబ్బా అంటే గుర్తొచ్చింది, మీరు హరిద్వార్‌లో అంటగట్టిన ఆ తెల్లడబ్బా మూత కారి రైల్లో కింది బెర్తాయన దుప్పటి పవిత్రమైపోయింది. 2016 నుంచి పోస్టాఫీసులోనే గంగోత్రి నీళ్ళు సీసాల్లో అమ్ముతున్నారని ఆయనే చెప్పాడు, కొంచెం కోపంగా.

ఇప్పుడు అసలు సంగతి. "నదుల పుట్టిళ్ళ స్పెషల్" అని కొత్తది వేశారట, త్ర్యంబకం, మహాబలేశ్వరం, తలకావేరి, అమర్‌కంటక్, అంటే గోదావరి, కృష్ణ, కావేరి, నర్మద పుట్టిన చోట్లు, అన్నీ ఒకే ఊపులో. నర్మద చుట్టూ కాలినడకన పరిక్రమ పాత పద్ధతిలో చేసేవాళ్ళు మూడేళ్ళకి పైగా నడుస్తారు, మీరు ఆవిడ పుట్టింటికి అరపూట ఇచ్చారు. తలకావేరిలో తులా సంక్రమణం నాడు ముహూర్తానికి ఊట పొంగుతుందంటారు, అది మీ టైమ్‌టేబుల్లో "బ్రేక్‌ఫాస్ట్‌కి ముందు" అని ఉంది, కావేరమ్మకి చెప్పారో లేదో మరి. గోదావరి పుట్టింది త్ర్యంబకంలో బ్రహ్మగిరి మీద, మెట్లెక్కి వెళ్ళాలి, మీ కాగితంలో కొండ "కింది నుంచి దర్శనం" అని ఉంది. రాజమండ్రి రైలు వంతెన మీంచి రూపాయి వేసి దండం పెట్టుకుంటూ పెరిగినవాళ్ళం, ఈ ఒక్కచోట ఇంకో గంట ఇస్తారేమో కనుక్కోండి.

వద్దన్నా లాభం లేదు, మా అమ్మ అప్పుడే అడ్వాన్స్ కట్టేసింది, పెద్దమ్మకి కూడా కలిపి. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరని కూడా మీ కాగితం మీదే ఉంది. కాబట్టి సీట్ల సంగతి ఇప్పుడే తేల్చండి. పోయినసారి గంగోత్రికి ఎక్కేటప్పుడు నది అటు పక్కవాళ్ళకి వచ్చింది, మాకు కొండగోడ వచ్చింది. దిగేటప్పుడు మా వైపు తిరిగేసరికి చీకటి పడింది. దేవప్రయాగలో అలకనంద వచ్చి కలిస్తేగానీ ఆ నదికి గంగ అన్న పేరే రాదు, అక్కడ కూడా "అటు చూడండి, అటు చూడండి" అని మైకులో అరిచారు, అటు పక్కవాళ్ళు లేచి నిలబడితే మాకు వాళ్ళ స్వెట్టర్లు కనిపించాయి. ఈసారి నది ఎటు వస్తుందో డ్రైవరుని అడిగి అటు రెండు కిటికీ సీట్లు రాసి, నంబర్లు వాట్సాప్‌లో పెట్టండి. వెనక టైరు మీది సీటు మాత్రం వద్దు, పెద్దమ్మకి నడుం నొప్పి.

ఇట్లు,
మీ పాత ప్యాసింజరు,
విశాఖపట్నం.