పట్టా ఒకరిది, కాపురం ఒకరిది: సైప్రస్‌ తెగని పేచీ

మధ్యధరా సముద్రంలోని సైప్రస్‌ ద్వీపం అనగానే ముందు గుర్తొచ్చేది గీత. ద్వీపాన్ని అడ్డంగా చీలుస్తూ 180 కిలోమీటర్ల పొడవునా ఐక్యరాజ్యసమితి కాపలా కాసే నిర్మానుష్య ప్రాంతం. ఫొటోలన్నీ అక్కడే తీస్తారు. కానీ 2003 ఏప్రిల్‌ నుంచి జనం ఆ గీత దాటి రాకపోకలు సాగిస్తూనే ఉన్నారు. పొద్దున్నే అటు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లకు లెక్కలేదు. అయినా సమస్య అంగుళం కదల్లేదు. 1974లో టర్కీ దండయాత్ర మిగిల్చిన అసలు పేచీ ఇళ్లదీ పొలాలదీ కాబట్టి.

ఆ ఏడాది జూలై 15న గ్రీసు సైనిక నియంతల అండతో అధ్యక్షుడు ఆర్చ్‌బిషప్‌ మకారియోస్‌ ప్రభుత్వాన్ని కూలదోసి, ద్వీపాన్ని గ్రీసులో కలపాలనే నికోస్‌ సాంప్సన్‌ను గద్దెనెక్కించారు. 1960 నాటి ఒప్పందంలో బ్రిటన్‌, గ్రీసు, టర్కీ మూడూ సైప్రస్‌ రాజ్యాంగానికి పూచీదారులు. ఆ కాగితం చూపించే టర్కీ జూలై 20న ఉత్తర తీరంలోని కిరేనియా దగ్గర సైన్యాన్ని దించింది. ఇక్కడిదాకా టర్కీ మాటను కొట్టిపారేయలేం. 1963 చివర్లో మొదలైన హింసతో వేలాది టర్కిష్‌ సైప్రియట్లు (ద్వీపంలో టర్కిష్‌ మాట్లాడే వర్గం) ఊళ్లు వదిలి ఇరుకు ఆవాసాల్లో తలదాచుకున్నారు. కానీ జూలై 23 కల్లా సాంప్సన్‌ దిగిపోయాడు, ఏథెన్స్‌లో నియంతలూ కూలిపోయారు. వచ్చిన పని అయిపోయింది. అయినా ఆగస్టు 14న మళ్లీ దాడి చేసి, రెండు రోజుల్లో ద్వీపం ఉత్తరాన మూడో వంతుకు పైగా పట్టుకున్నారు. దీన్ని నేను కబ్జా అనే అంటాను.

(అప్పుడు ఐరాస దళానికి నాయకత్వం వహించింది మన దేశానికి చెందిన జనరల్‌ ప్రేమ్‌ చంద్‌. నికోసియా విమానాశ్రయం ఎవరి చేతికీ చిక్కకుండా ఐరాస రక్షణలోకి తీసుకున్నది ఆయన హయాంలోనే. అక్కడ ప్రయాణికుల విమానాలు ఈనాటికీ ఎగరడం లేదు.)

లక్షా అరవై వేలకు పైగా గ్రీకు సైప్రియట్లు (ద్వీపంలో గ్రీకు మాట్లాడే వర్గం) కట్టుబట్టలతో దక్షిణానికి పారిపోయారు. నలభై యాభై వేల మంది టర్కిష్‌ సైప్రియట్లు ఉత్తరానికి చేరారు. ఖాళీ అయిన ఇళ్లలోకి మనుషులొచ్చారు. ఉత్తరాన వాటిని శరణార్థులకూ, టర్కీ నుంచి తెచ్చి స్థిరపరిచిన కుటుంబాలకూ పంచి హక్కు పత్రాలు రాసిచ్చారు. దక్షిణాన టర్కిష్‌ సైప్రియట్ల ఆస్తులకు ప్రభుత్వమే సంరక్షకుడై తన శరణార్థులకు వాడుకోనిచ్చింది. అలా ఒకే ఇంటికి రెండు కాగితాలు పుట్టాయి.

కిరేనియాకు చెందిన తితీనా లోయిజీదు ఈ సంగతిని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్‌ మానవ హక్కుల కోర్టుకెక్కించింది. భూమి ఇప్పటికీ ఆమెదేనని 1996లో తీర్పొచ్చింది. టర్కీ ఏళ్ల తరబడి మొరాయించి 2003లో పరిహారం కట్టింది. భూమి మాత్రం చేతికి రాలేదు. 2010లో అదే కోర్టు మరో కేసులో ఇంకో మాట చెప్పింది: ముప్ఫై అయిదేళ్లు గడిచాయి, అందరికీ ఆస్తులు తిరిగిప్పించాలంటే ఇప్పుడు అక్కడున్నవాళ్లను రోడ్డున పడేయాల్సి వస్తుంది, ఉత్తరాన పెట్టిన ఆస్తుల కమిషన్‌ దగ్గరికే ముందు వెళ్లండి అని. న్యాయంగా చూస్తే ఇది మింగుడుపడదు. కానీ 1980లో ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ చేసిన నేరమేమిటి? ఆక్రమణదారుడికి దొరికే పెద్ద ఆయుధం కాలం. ఫిరంగులు రెండు రోజుల్లో చేసిన పనిని తర్వాత పుట్టిన పిల్లలు శాశ్వతం చేస్తారు.

వరోషా గురించి చెప్పుకోకపోతే ఈ కథ పూర్తి కాదు. తూర్పు తీరంలోని ఫమగుస్టాలో సముద్రం ఒడ్డున హోటళ్లతో మెరిసిపోయిన ఈ పేటను, జనం పారిపోయాక, టర్కీ సైన్యం కంచె వేసి ఖాళీగా ఉంచింది. అక్కడి నివాసులు తప్ప వేరెవరూ కాపురం పెట్టకూడదని భద్రతా మండలి 1984లో 550వ తీర్మానం చేసింది. ఖాళీ చేయించాల్సిన సంసారాలు లేవు కాబట్టి తిరిగివ్వడానికి ఇంతకంటే తేలికైన చోటు ద్వీపంలో లేదు. అయినా ఇవ్వలేదు. బేరంలో ముక్కగా దాచుకుని, 2020లో సందర్శకుల కోసం కొంత భాగం తెరిచారు. సొంతదార్లు తమ శిథిలాల ముందు నిలబడి చూసి వెనక్కి వెళ్లాల్సిన పరిస్థితి.

గెలిచిన పక్షమూ సుఖపడలేదు. 1983లో ప్రకటించుకున్న ఉత్తర సైప్రస్‌ను టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. అక్కడి విమానాలు టర్కీలో దిగకుండా మరో దేశం వెళ్లలేవు. చేతిలో ఆడేది టర్కీ లీరా, దాని విలువ పడిపోతే వీళ్ల సంసారాలూ గుల్లే. 2004లో ఐరాస ఏకీకరణ ప్రణాళికకు టర్కిష్‌ సైప్రియట్లలో 65 శాతం సరేనన్నారు. గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. వారం తిరగ్గానే వద్దన్నవాళ్లు యూరోపియన్‌ యూనియన్‌లో చేరారు, సరేనన్నవాళ్ల ప్రాంతంలో యూనియన్‌ చట్టాల అమలు ఆగిపోయింది. ఆ చేదు ఉత్తరాన ఇంకా పోలేదు.

కలిసి పనిచేయడం చేతకాదా అంటే, ఎందుకు కాదు! చీలిన నికోసియాలో మురుగునీటి వ్యవస్థను 1970ల చివర్లోనే రెండు పక్షాల మేయర్లు కలిసి చూసుకున్నారు. ఆ గొడవల్లో గల్లంతైన రెండు వేల మందిలో వెయ్యికి పైగా అవశేషాలను ఉమ్మడి కమిటీ గుర్తించి అయినవాళ్లకు అప్పగించింది. ఇళ్ల దగ్గరికొచ్చేసరికే అంతా ఆగిపోతుంది. 2017లో స్విట్జర్లాండ్‌ చర్చలు టర్కీ సైన్యాల ఉపసంహరణ, మూడు దేశాల పూచీ హామీల దగ్గర విరిగిపోయాయి. అది తేలినా, ఎవరి ఇల్లు ఎవరికి, కాదంటే పరిహారం ఎంత, ఆ డబ్బు ఎవరి జేబులోంచి అన్న బేరం అలాగే ఉంటుంది. పాత పట్టాలు ఇప్పటికే మనవల పేర్ల మీదికి వచ్చేస్తున్నాయి.