సవరణ: ఆ వీణ ఏకాండి కాదు

మొన్న ఆదివారం అమ్మకానికి పెట్టిన పాత బొబ్బిలి వీణ గురించి 'ఏకాండి, ధర 14,000' అని రాశాను. అది ఏకాండి కాదు. కుండ (గుండ్రటి బొజ్జ భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే పనస దుంగలోంచి చెక్కితేనే ఆ మాట వాడాలి.

పోస్టు చూసి బొబ్బిలి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, దండి కుండకి కలిసేచోట నూనె గుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు" అన్నారు. తుడిస్తే పాలిష్ కింద వెంట్రుకంత గీత కనబడింది. అతుకే! నాకు వీణ ఇచ్చినావిడ మాట నమ్మి, ట్యూబులైటు కింద ఫోటోలు తీసి పెట్టేశాను. తప్పు నాదే.

ధర 9,000కి తగ్గించాను. తీగల కింద మైనంలో కూర్చిన 24 మెట్లలో (అడ్డ కడ్డీల్లో) చివరి రెండూ మైనం వదిలేసి కదులుతున్నాయి, అదీ పోయినసారి రాయలేదు. కొరియర్‌లో పంపుతానన్నాను కానీ పంపను. ఈ ఎండలకి మైనం మెత్తబడితే మిగతా మెట్లూ జరిగిపోతాయి. విజయనగరంలో మా ఇంటికొచ్చి, ఓసారి మీటి చూసుకుని తీసుకెళ్లండి.

అడ్వాన్సు 2,000 పంపిన శ్రీకాకుళం అమ్మాయికి డబ్బు నిన్ననే వాపసు వేశాను. ఇంకా కావాలనుకుంటే మొదటి అవకాశం తనదే.