క్రీడా సంఘాలు మగవాళ్లకే చెల్లు అంటున్న సందేశానికి నా జవాబు

‘క్రీడా సంఘాల పెత్తనం ఆడవాళ్లకు ఎందుకు?’ అనే పొడవాటి సందేశం మళ్లీ వచ్చింది. పంపినవారిలో తమ కూతుళ్లను రోజూ శిక్షణకు పంపే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అందుకే ఈసారి ఊరుకోలేకపోతున్నాను.

మొదటి ఆరోపణ, మహిళలు కోటాల పుణ్యాన పదవుల్లోకి వస్తున్నారని. 2025 మార్చి 20న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్ష ఎన్నికలో జింబాబ్వే మాజీ ఈతగత్తె క్రిస్టీ కొవెంట్రీకి ఏ కోటా పనిచేసింది? ఏడుగురు అభ్యర్థులు, రహస్య బ్యాలెట్. 97 ఓట్లలో 49 ఆమెకే పడి తొలి రౌండులోనే ఫలితం తేలిపోయింది. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య అధ్యక్షుడిగా ఉంటూ పోటీకి దిగిన సెబాస్టియన్ కో అంతటివారికి వచ్చినవి 8. 1894లో పుట్టిన ఆ కమిటీలో 1981 దాకా ఒక్క మహిళా సభ్యురాలూ లేదు. అన్నేళ్లూ ఎవరి కోటా నడిచిందో సందేశం రాసినవారే చెప్పాలి.

‘పరుగెత్తడం వేరు, పాలన వేరు’ అట. పి.టి. ఉష 2022 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలయ్యే నాటికి, 2002లో కేరళలో ప్రారంభించిన అథ్లెటిక్స్ పాఠశాలను ఇరవై ఏళ్లుగా నడుపుతున్నారు. అమ్మాయిలను ఎంపిక చేయడం, వారి వసతి, చదువు, శిక్షణ, అందుకయ్యే డబ్బు సమకూర్చుకోవడం పాలన కాకపోతే మరేమిటి? 800 మీటర్లలో జాతీయ రికార్డు నెలకొల్పిన టింటు లూకా అక్కడ తయారైన అమ్మాయే.

రాత్రి ప్రయాణాల వల్ల ఇల్లు చెడిపోతుందన్నది మూడో అంశం. మగ అధికారుల ఇళ్ల గురించి ఈ బెంగ ఎవరికీ కలగలేదు కాబట్టి దీన్ని వదిలేస్తున్నాను.

నాకు నిజంగా కోపం తెప్పించింది నాలుగోది: ‘అమ్మాయిలకు ఇబ్బంది వస్తే కోచ్‌కు చెప్పుకుంటారు, దానికి కమిటీలో మహిళ ఎందుకు?’ జట్టులోకి ఎవరిని తీసుకోవాలో చెప్పేది కోచ్. శిబిరానికి ఎవరు వెళ్లాలో చెప్పేదీ ఆయనే. ఆ ఇబ్బంది ఆయన వల్లే వస్తే? పదిహేనేళ్ల పిల్ల, ఊరికి దూరంగా హాస్టల్లో ఉన్న పిల్ల, ఎవరి దగ్గరికి వెళ్లాలి? పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం స్టేడియాన్నీ, శిక్షణ కేంద్రాన్నీ, పోటీ జరిగే చోటునూ పని ప్రదేశాలుగానే లెక్కిస్తుంది. ఫిర్యాదుల కమిటీకి మహిళే అధ్యక్షత వహించాలనీ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలనీ, బయటి వ్యక్తి ఒకరు ఉండాలనీ చెబుతుంది. పదేళ్ల తరువాత, 2023 మేలో, అలాంటి కమిటీలు సరిగా లేవన్న వార్తలపై జాతీయ మానవ హక్కుల సంఘం అనేక క్రీడా సమాఖ్యలకు నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. కోచ్‌కు చెప్పుకుంటే చాలన్న ఏర్పాటు మనల్ని తీసుకొచ్చింది అక్కడికే. కూతురి బ్యాగు సర్ది పంపే చేత్తో ఈ వాక్యాన్ని పదిమందికి పంపడానికి మనసెలా వచ్చింది?

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. పీఠం మీద మహిళ ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు. 2023 ఏప్రిల్‌లో తమ సమాఖ్య అధ్యక్షుడిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో మహిళా రెజ్లర్లు ఢిల్లీలోని జంతర్ మంతర్ వద్ద నిరసనకు కూర్చున్నప్పుడు, వారిది క్రమశిక్షణారాహిత్యమని అన్నది ఉషే. కొద్ది రోజుల తరువాత వెళ్లి వారిని కలిశారు గానీ, ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయితే దీన్నిబట్టి మహిళలు వద్దనడం తప్పు. ఒక్కరే ఉంటే చాలదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్య కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలు ఉండాలని చెప్పింది. మీ అమ్మాయి ఆడే ఆటకు సంబంధించిన సమాఖ్యలో ఆ నలుగురూ ఎవరో, ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలు ఎవరో కనుక్కుని ఆ పేర్లు పంపండి. వాటిని నేనూ అందరికీ పంపుతాను.