మహారాజశ్రీ ఐసీయూ చెప్పుల వారి సముఖానికి

అయ్యా,

(అమ్మా అనాలేమో కూడా తెలియడం లేదు. జతలో ఒకటి ఎనిమిదో నంబరు, రెండోది ఆరో నంబరు.)

ఐసీయూ అద్దాల తలుపు పక్కన, ఇనుప స్టాండు కింది అరలో తమరు కొలువై ఉంటారు. నీలం పట్టీ, అరిగిన మడమ, నెత్తిన మార్కరుతో రాసిన ‘ఐసీయూ’ అనే బిరుదు. తమ దర్శనం కాకుండా లోపలికి చీమ కూడా పోలేదు. కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ గార్డు వచ్చిన ప్రతివాళ్ల పాదాల వంకే చూస్తాడు. “చెప్పులు! చెప్పులు!” అని కేకేస్తాడు. “చేతులు! చేతులు!” అని కేకేసే గార్డు దొరికితే సన్మానం చేయొచ్చు.

రాముడు అడవికి పోతే భరతుడు పాదుకలకు పట్టం కట్టి పద్నాలుగేళ్లు రాజ్యం నడిపాడు. అవి రాముడివి కాబట్టి వాటికా హక్కుంది. తమరు ఎవరివో ఎవరికీ తెలియదు. అయినా పట్టాభిషేకం అయిపోయింది. అడవికి పోయింది మాత్రం గోడకు బిగించిన హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) సీసా. దాని పంపు నొక్కితే గాలి వస్తుంది.

తమ సేవ ఎలా జరుగుతుందో కాస్త దగ్గర్నించి చూద్దాం. పేషెంటు తాలూకు మనిషి వస్తాడు. వంగి, ఊరంతా తిరిగిన బూటు లేసు విప్పుతాడు. మడమ పట్టుకుని లాగుతాడు. తమ పట్టీ మెలిక పడి ఉంటే వేలు దూర్చి సరిచేస్తాడు. లేచి అదే చేత్తో తలుపు తోస్తాడు. అదే చెయ్యి మంచం కమ్మీ మీద, ఆ తర్వాత తండ్రి నుదుటి మీద. ముక్కులోంచి వేలాడే ఫీడింగ్ ట్యూబు ఊడుతుందేమోనని సర్దేదీ అదే చెయ్యి. పాదాలు మాత్రం మహా మడిగా ఉన్నాయి! నీలం ప్లాస్టిక్ షూ కవర్లదీ ఇదే వరస. వాటిని తొడగాలంటే బూటు అడుగు పట్టుకోక తప్పదు.

నేల మీద క్రిములు లేవని మేం అనడం లేదు. బోలెడు ఉంటాయి. కానీ రోగి పడుకునేది మంచం మీద. నేల మీది క్రిమి మంచం ఎక్కాలంటే వాహనం కావాలి, ఆ వాహనానికి ఐదు వేళ్లుంటాయి. కింద పడ్డ ఫోన్ చార్జరు, ఈడ్చుకుపోయే మానిటరు తీగ, దొర్లిపోయిన పెన్ను, అన్నిటినీ పైకి తెచ్చేది చెయ్యే. ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఓ మొండి ఘటం, పొడిగా ఉన్న కమ్మీ మీద, ఇన్‌ఫ్యూజన్ పంపు (మందు ఎక్కించే యంత్రం) బటన్ల మీద వారాల తరబడి బతుకుతుంది. అది తమ కోసం ఎదురుచూడదు, వేలి కోసం చూస్తుంది.

పైగా తమకు ముందు భాగం లేదు. వాడిన సూది జారి పడినా, రక్తం చిమ్మినా సిస్టరు కాలి వేళ్లే అడ్డం. అక్కడ ఉండాల్సింది వేళ్లు మూసుకునే, కడగడానికి వీలయ్యే బూటు. రక్షణ అని పేరు పెట్టుకుని అసలు పని చేయని పాదరక్షలు తమరొక్కరే.

తమ బంధువర్గం సంగతి క్లుప్తంగా. ఆపరేషన్ థియేటర్ల గుమ్మం ముందు పరిచే జిగురు చాపను వాడొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2003లోనే రాసింది. ఇక శనివారం రాత్రి ఫార్మాలిన్ పొగ. రోగుల్ని పక్క వార్డుకు తోసి, గదినిండా పొగ పట్టించి, సోమవారం కళ్లు మండుతుంటే “ఆహా, శుభ్రమైంది” అనుకోవడం. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. కమ్మీ మీద ఎండిన కఫాన్ని పొగ తుడవదు, గుడ్డతో రుద్దితేనే పోతుంది. ఆ గుడ్డ కూడా మంచానికొకటి ఉండాలి. ఒకటే గుడ్డ ఎనిమిది మంచాలు తిరిగితే అది తుడవడం కాదు, ప్రసాదం పంచడం.

సింహాసనం దిగమని అడుగుతున్నాం కాబట్టి వారసుడెవరో చెప్పడం ధర్మం. చెయ్యి. అరచేతి గుంట నిండా, ఓ 3 మిల్లీలీటర్ల హ్యాండ్ రబ్ పోసుకుని 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. అందరూ అరచేతులు రుద్దుకుని దులుపుకుంటారు. మిగిలిపోయేవి బొటనవేళ్లు, వేళ్ల కొసలు, గోళ్ల సందులు. రోగికి ముందుగా తగిలేవి అవే! ఉంగరం, వాచీ, మణికట్టుకు మూడు నెలల కిందట గుళ్లో కట్టించుకున్న ఎర్రదారం ఉంటే ఆ కిందికి రబ్ చేరదు. దేవుడి మీద మాకు కోపం లేదు. ఆ దారం డ్యూటీ అయ్యేదాకా జేబులో ఉన్నా ఆయనేం అనుకోడు. చేతికి మురికి కనిపిస్తున్నా, రోగికి సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలున్నా రబ్ చాలదు, సబ్బూ నీళ్లే. ఆ బీజాలకు ఆల్కహాలంటే లెక్కలేదు. సబ్బు సీసా అయిపోతుంటే పైనుంచి కొత్తది పోసి నింపకూడదు. అడుగున మిగిలినదాంట్లో పెరిగినవి కొత్తదాంట్లోనూ సంసారం పెడతాయి.

గ్లవుజులు తమకు వరసకు తమ్ముళ్లు. అవి వేసుకుంటే కడుక్కోనక్కర్లేదనే నమ్మకం. ఒకే జతతో సక్షన్ చేసి (గొట్టంతో కఫం లాగి), ఆ తర్వాత ఐవీ లైను ముట్టుకుని, కేసు షీటు రాసి, మోగిన ఫోను ఎత్తితే, ఆ గ్లవుజు కాపాడింది వేసుకున్నవాళ్లనే.

ఇప్పుడు సెంట్రల్ లైను, అంటే మెడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం సంగతి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ బృందం ఐదే పనులు పట్టుకుంది. చేతులు కడుక్కోవడం. లైను వేసేటప్పుడు టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లవుజులతో పాటు రోగి ఒళ్లంతా కప్పే పెద్ద డ్రేపు. క్లోర్‌హెక్సిడిన్‌తో (క్రిమిసంహారక మందు) చర్మం శుభ్రం చేయడం. వీలైనంత వరకు తొడ మూలంలో వేయకపోవడం. అక్కర్లేని లైను తీసేయడం. ఎవరైనా మెట్టు తప్పితే, ప్రాణం మీదికి వచ్చిన సమయం కాకపోతే, డాక్టర్ని ఆపే అధికారం నర్సుకిచ్చారు. 2006లో అచ్చయిన లెక్క ప్రకారం, 1000 లైను రోజులకు (ఒక రోగికి లైను ఉన్న ఒక్కో రోజు ఒక లైను రోజు) 2.7గా ఉన్న రక్తపు ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. ఆ ఐదింటినీ రెండుసార్లు చదివాం. తమ పేరు ఎక్కడా లేదు.

మన దగ్గర తప్పేది ఎక్కడంటే, ఆరనివ్వడం దగ్గర. 70 శాతం ఆల్కహాల్లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ముప్పై సెకన్లు రుద్ది, దానంతటది ఆరేదాకా ఆగాలి. మేమైతే ఊదడం, గాజుగుడ్డతో అద్దడం రెండూ చూశాం. ఇక మందు ఎక్కించే ప్రతిసారీ లైను మూతిని, అంటే హబ్‌ను స్పిరిట్ దూదితో కనీసం 15 సెకన్లు రుద్దాలి. బొట్టు పెట్టినట్టు ఒకసారి అద్ది వదిలేస్తారు.

మూత్రం సంచి అంతకంటే కరుణరసం. వార్డులో ఉన్నంతసేపు అది మూత్రాశయం కంటే కిందే, నేలకు తగలకుండా మర్యాదగా వేలాడుతుంది. సీటీ స్కానుకు తీసుకెళ్లాలనేసరికి ఎక్కడ తగిలించాలో తోచక వార్డు బాయ్ దాన్ని రోగి పొట్ట మీద పెడతాడు. లిఫ్టు వచ్చేదాకా, స్కాను అయ్యేదాకా నిన్నటి మూత్రం ట్యూబులోంచి వెనక్కి నడుస్తుంది. విరుగుడు రెండు నిమిషాల పని. కదిలే ముందు సంచి ఖాళీ చేసి, స్ట్రెచరు పక్క కొక్కానికి కిందుగా తగిలించడమే. ఖాళీ చేసే జగ్గు మాత్రం ఎవరిది వారికే. ఒకే జగ్గు, ఒకే గ్లవుజులు మంచం మంచానికీ తిరిగితే ఎనిమిది మంది ఒక కుటుంబం అయిపోతారు.

వెంటిలేటరు దగ్గర తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తమంటాం. పొద్దున్న ఎత్తుతారు, మధ్యాహ్నానికి రోగి కిందికి జారిపోతాడు, మంచం ఎత్తుగా, మనిషి బల్లపరుపుగా మిగులుతారు. గొంతు గొట్టం చుట్టూ ఉబ్బే గాలి తిత్తి (కఫ్) పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం ఉండాలి. తగ్గితే పైన చేరిన లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, పెరిగితే శ్వాసనాళం గోడ నలుగుతుంది. కొలిచే మీటరు బీరువాలో, బీరువా తాళం సిస్టర్ ఇంచార్జి దగ్గర. అందుకని దానికి బయట వేలాడే చిన్న బుడగను వేళ్లతో నొక్కి “బానే ఉంది” అంటారు. వెంటిలేటరు గొట్టాల్లో చేరిన నీళ్లను రోగి వైపు కాకుండా, నీళ్లు పట్టే ట్రాపులోకి వంచాలి. పక్కకు తిప్పేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత మనిషి.

ఇదంతా సిస్టర్ల మీదకు నెట్టడం మా ఉద్దేశం కాదు. లెక్క చూడండి. ఒక రోగి దగ్గర గంటకు పదిసార్లు చేతులు రుద్దుకోవాల్సి వస్తుందనుకుందాం. 25 సెకన్ల చొప్పున 4 నిమిషాల పైమాట. వెంటిలేటరు మీదున్న రోగికి ఒక సిస్టరు ఉండాల్సింది, ముగ్గురికి ఒకరుంటే గంటలో పన్నెండున్నర నిమిషాలు చేతులకే పోవాలి. పోవు. ఎక్కువ మందిని వేయడానికి డబ్బవుతుంది. తమకైతే జత వంద రూపాయలు దాటదు. తమ వైభవానికి అసలు కారణం అదేనని మా అనుమానం.

ఇట్లు,
ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లం

తా.క. ఈ నెల ఆడిట్ ఫారంలో ‘ఐసీయూ చెప్పులు ఉన్నాయా?’ అన్న గడిలో టిక్కు పడింది, అభినందనలు. దాని కిందిది ‘ఈ రోజు సెంట్రల్ లైను ఇంకా అవసరమా?’ మూడో మంచానికి తొమ్మిది రోజులుగా ఖాళీగానే ఉంది. పెన్ను తమ స్టాండు పై అరలో మర్చిపోయారు. ఎలాగూ అందరూ తమ ముందు వంగుతారు గదా, ఎవరో ఒకరికి గుర్తు చేయగలరు.